ఏ పనికి ఇచ్చారు? ఫుట్‌బాల్ సమాఖ్యలు, స్థానిక సంఘాలు

2016 జూన్ 27న ఫ్రాన్స్‌లోని నీస్ నగరంలో ఒక ఫుట్‌బాల్ మ్యాచ్ జరిగింది. యూరో కప్ ప్రీ క్వార్టర్ ఫైనల్. ఒకవైపు ఇంగ్లండ్. ఈ ఆటకు నియమాలు రాసిపెట్టిన దేశం. రెండోవైపు ఐస్‌లాండ్. అప్పటికి ఆ దేశం మొత్తం జనాభా సుమారు 3 లక్షల 30 వేలు. 2011 లెక్కల ప్రకారం మన నిజామాబాద్‌లోనూ, కాకినాడలోనూ ఇంచుమించు అంతే జనం. ఒక్కోచోట మూడు లక్షల పైచిలుకు. ఆ రోజు ఐస్‌లాండ్ 2-1తో గెలిచింది. రెండేళ్లు తిరిగేసరికి ప్రపంచ కప్‌కి కూడా వెళ్లింది. అంత తక్కువ జనాభా ఉన్న దేశం ప్రపంచ కప్ ఆడటం అప్పటికి అదే మొదలు. మాస్కోలో అర్జెంటీనాని 1-1 దగ్గర ఆపింది. మెస్సీ కొట్టిన పెనాల్టీని వాళ్ల గోల్‌కీపర్ ఆపేశాడు. ఆ ఆటగాళ్ల గురించి చాలామంది చెప్పారు, చాలామంది రాశారు. ఇవాళ నేను చెప్పదలచుకున్నది వేరే సంగతి. వాళ్లు చిన్నప్పుడు ఆడుకున్న మైదానం ఎవరు వేశారు? వాళ్లకు ఆట నేర్పిన కోచ్‌ని ఎవరు తయారు చేశారు? దానికి డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చింది? ఏ షరతు మీద వచ్చింది? ఖండం మొత్తానికి పెద్దగా ఉండే ఫుట్‌బాల్ సమాఖ్య, తన కిందున్న సంఘాలతో ఎలా మెలగాలి అనే ప్రశ్నకు జవాబు అక్కడుంది. నా జవాబు చిన్నదే. పైవాళ్లు డబ్బు ఇస్తే ఏ పనికో పేరు పెట్టి ఇవ్వాలి. ఆ పని ఊళ్లో కంటికి కనపడాలి.

ముందు ఈ మెట్లు ఎలా ఉంటాయో చూద్దాం. అన్నిటికంటే పైన ప్రపంచ సంస్థ ఫిఫా. దాని కింద ఖండాల వారీగా ఆరు సమాఖ్యలు. యూరప్ సమాఖ్య పేరు యూఈఎఫ్ఏ. అందరూ యుఎఫా అంటారు. 1954లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో పుట్టింది. ఇప్పుడు న్యోన్ పట్టణం నుంచి పనిచేస్తోంది. అందులో 55 జాతీయ సంఘాలున్నాయి. మన ఆసియా సమాఖ్య కూడా అదే ఏడాది మనీలాలో పుట్టింది. స్థాపించిన దేశాల్లో మనదీ ఒకటి. ఆఫీసు కౌలాలంపూర్‌లో ఉంది. సభ్యులు 47. జాతీయ సంఘం కింద మన దగ్గరైతే రాష్ట్ర సంఘాలు. వాటి కింద జిల్లా సంఘాలు. జిల్లా సంఘం కింద క్లబ్బులు. మన ఊళ్లో డ్వాక్రా సంఘం తెలియనివాళ్లుండరు. పది పన్నెండు మంది ఆడవాళ్లు కలిస్తే ఒక సంఘం. ఊళ్లోని సంఘాలన్నీ కలిస్తే గ్రామ సంఘం. ఆ పైన మండల సమాఖ్య. ఆ పైన జిల్లా సమాఖ్య. ఫుట్‌బాల్ మెట్లూ ఇలాగే ఉంటాయి. డ్వాక్రాలో ఇంకో సంగతి గమనించండి. మండల సమాఖ్య వచ్చి ఎవరి గేదెకూ పాలు పితకదు. ఆ పని ఆ ఇంటావిడదే. సమాఖ్య చూసేది మూడే. పొదుపు కడుతున్నారా? తీర్మానం పుస్తకం రాస్తున్నారా? గేదెకని తీసుకున్న అప్పుతో గేదెనే కొన్నారా? ఈ మూడూ సరిగ్గా ఉంటే మళ్లీ అప్పు పుడుతుంది. లేకపోతే సంఘం అక్కడే ఆగిపోతుంది. గేదె పేరు రాసి ఇచ్చిన అప్పు గనక, గేదె ఉందా లేదా అని ఎవరైనా పెరట్లోకి వెళ్లి చూడొచ్చు.

మరి ఖండ సమాఖ్య చేసే పనేమిటి? టోర్నమెంట్లు నడుపుతుంది. రెఫరీలను పంపుతుంది. నియమాలు రాస్తుంది. అవి టీవీలో అందరికీ కనిపించేవే కాబట్టి వాటి దగ్గర ఆగను. కనపడని పని ఇంకోటుంది. పెద్ద దేశాల ఆటతో వచ్చిన ఆదాయాన్ని చిన్న దేశాలకు కూడా పంచడం. యూరప్‌లో ఒకప్పుడు దీనికో పద్ధతి ఉండేది కాదు. యూరో కప్, ప్రపంచ కప్ క్వాలిఫయింగ్ మ్యాచ్‌ల టీవీ హక్కులు ఏ సంఘానివి ఆ సంఘమే అమ్ముకునేది. దాని అర్థం ఏమిటో ఒక్కసారి ఊహించండి. గ్రూపులు తీసే రోజున చీటీ ఎత్తుతారు. ఆ చీటీలో జర్మనీయో ఇంగ్లండో ఒక చిన్న దేశం గ్రూపులో పడితే, ఆ చిన్న దేశం పంట పండినట్టే. జర్మన్ టీవీ వాళ్లు, ఇంగ్లండ్ టీవీ వాళ్లు వచ్చి పెద్ద మొత్తం ఇచ్చి హక్కులు కొనుక్కుంటారు. పెద్ద జట్టేదీ పడకపోతే ఆ రెండేళ్లూ చేతిలో చిల్లిగవ్వ ఆడదు. చీటీ మీద ఆధారపడిన సంఘం పదేళ్ల పథకం ఎలా వేస్తుంది? పిల్లల కోచ్‌కి జీతం ఇస్తామని మాట ఎలా ఇస్తుంది? 2014 నుంచి యుఎఫా ఆ హక్కులన్నిటినీ తానే కలిపి అమ్ముతోంది. ఎవరికెంత వస్తుందో సంఘాలకు ముందే తెలుస్తుంది. వచ్చే ఏడాది ఎంత వస్తుందో తెలిస్తేనే సంఘం రేపటి గురించి ఆలోచించగలదు. ఇది చిన్న మార్పుగా వినపడుతుంది. చిన్న సంఘాలకు మాత్రం ఇది ప్రాణం లాంటిది.

అంతకు పదేళ్ల ముందే, 2004లో, యుఎఫా ఇంకో పథకం మొదలుపెట్టింది. దాని పేరు హ్యాట్రిక్. నాలుగేళ్లకోసారి జరిగే యూరో కప్ ఆదాయంలో ఒక వాటాను 55 సంఘాలకూ తిరిగి పంచడం దాని ఉద్దేశం. 2024 నుంచి 2028 వరకు నడిచే విడతకు సుమారు 93 కోట్ల 50 లక్షల యూరోలు కేటాయించారు. సగటున ఒక్కో సంఘానికి కోటీ 70 లక్షల యూరోలు. మొత్తం పెద్దదే. దాన్ని ఏ రూపంలో ఇస్తున్నారన్నది అంతకంటే ముఖ్యం. ఆఫీసు నడుపుకోవడానికి, ఉద్యోగుల జీతాలకు ఏటా కొంత ఇస్తారు. ఇంకొంత షరతు మీద ఇస్తారు. అమ్మాయిల జట్టును టోర్నమెంటుకి పంపారా? కుర్రాళ్ల జట్టును పంపారా? కోచ్‌లకు శిక్షణ ఇచ్చారా? పాలనలో పద్ధతులు పాటిస్తున్నారా? పాటిస్తే ఆ భాగం వస్తుంది. మిగిలిన భాగం ఫలానా పని అని రాసి అడిగితేనే ఇస్తారు. మైదానం వేస్తామని, శిక్షణ కేంద్రం కడతామని, ఆటగాళ్ల వివరాలు కంప్యూటర్‌లోకి ఎక్కిస్తామని సంఘం రాసి పంపాలి. యుఎఫా చూసి ఒప్పుకోవాలి. పని ఏదో ఎంచుకునేది స్థానిక సంఘమే. ఆ పని జరిగిందో లేదో చూసేది మాత్రం పై సంస్థ. ఈ రెండూ తారుమారైతే ఇబ్బంది వస్తుంది. పై సంస్థే పని ఎంచితే మంచు పడే దేశానికీ ఎండ కాసే దేశానికీ ఒకే రకం మైదానం వేస్తుంది. స్థానిక సంఘమే తన పనికి తానే కితాబు ఇచ్చుకుంటే పని కాగితం దాటదు.

ఇప్పుడు ఐస్‌లాండ్ ఏ పని ఎంచుకుందో చూద్దాం. డిసెంబర్‌లో రాజధాని రెక్యావిక్‌లో పగటి వెలుతురు నాలుగు గంటలే ఉంటుంది. నేల గడ్డకడుతుంది. గాలి మనిషిని నిలబడనివ్వదు. అంటే ఏడాదిలో చాలా నెలలు పిల్లలకు ఆటే ఉండదు. అక్కడి వాళ్లు దీనికి రెండు దారులు వెతికారు. మొదటిది పైకప్పు ఉన్న పెద్ద మైదానాలు. 2000లో కెఫ్లావిక్‌లో పూర్తి కొలతల మైదానం పట్టే హాలు తెరిచారు. తర్వాత మిగతా పట్టణాల్లోనూ కట్టారు. కట్టింది పురపాలక సంఘాలు. వాడుకునేది స్థానిక క్లబ్బులు. రెండో దారి ఇంకా చిన్నది, నాకు ఇంకా నచ్చింది. బడి పక్కనే చిన్న మైదానాలు. కృత్రిమ పచ్చిక, చుట్టూ బంతి బయటికి పోకుండా తక్కువ ఎత్తు చెక్క కంచె, రెండు చిన్న గోల్‌పోస్టులు, లైట్లు. చాలాచోట్ల కింద వేడినీళ్ల గొట్టాలు కూడా వేశారు. భూమిలోంచి వచ్చే వేడినీళ్లు ఆ దేశంలో పుష్కలం. ఆ నీళ్లు పారుతుంటే పైన మంచు నిలవదు. బడి వదలగానే పిల్లలు సంచులు కంచె మీద పడేసి ఆడుకోవచ్చు. టికెట్ లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇలాంటివి వందకు పైగా వేశారు. పచ్చికకు ఫుట్‌బాల్ సంఘం డబ్బు పెట్టింది. అందులో యుఎఫా నుంచి వచ్చిన డబ్బూ ఉంది. నేల చదును చేసి పునాది వేసే పని స్థానిక పురపాలక సంఘాలు చూసుకున్నాయి. డబ్బు ఒకరిది, నేల ఒకరిది. రెండువైపులా చేతులు కలిస్తేనే మైదానం తయారైంది. అది బడి పక్కనే ఉంది కాబట్టి, ఉందా లేదా అని ఏ తల్లయినా తండ్రయినా వెళ్లి చూసుకోవచ్చు.

మైదానం ఉంటే చాలదు. నేర్పేవాళ్లు కావాలి. ఇక్కడ కూడా ఖండ సమాఖ్యకు ఒక పని ఉంది. 1998లో యుఎఫా ఆరు దేశాలతో ఒక ఒప్పందం చేసింది. కోచ్‌ల శిక్షణకు అందరూ ఒకే మెట్లు పాటించాలని దాని సారం. తర్వాత మిగతా దేశాలూ చేరాయి. బి లైసెన్స్, ఆ పైన ఏ లైసెన్స్, ఆ పైన ప్రో. పాఠం మెట్లు పై సంస్థ రాస్తుంది. తరగతి నడిపేది స్థానిక సంఘం. ఈ తేడా గుర్తుంచుకోండి. న్యోన్ నుంచి ఎవరో వచ్చి ఐస్‌లాండ్ పల్లెలో పాఠం చెప్పరు. ఐస్‌లాండ్ సంఘమే తన ఊళ్లలో తరగతులు పెట్టింది. బడి పంతుళ్లు, దుకాణదార్లు, పాత ఆటగాళ్లు వచ్చి కూర్చున్నారు. ఇంగ్లండ్‌ను ఓడించిన జట్టుకు ఇద్దరు కోచ్‌లు. అందులో ఒకరైన హేమిర్ హాల్‌గ్రిమ్సన్ వృత్తి రీత్యా పళ్ల డాక్టరు. ఆ దేశంలో జనాభాలో ప్రతి 500 మందికీ లైసెన్స్ ఉన్న కోచ్ ఒకరున్నారని ఆ రోజుల్లో పత్రికలు లెక్కగట్టాయి. అక్కడి ప్రత్యేకత ఏమిటంటే ఆ కోచ్‌లు పెద్ద జట్ల దగ్గరే ఆగిపోలేదు. ఐదారేళ్ల పిల్లలకు ఆట నేర్పేవాళ్లకు కూడా శిక్షణ ఉంటుంది, జీతం ఉంటుంది. మన దగ్గర చాలా పనుల్లో మంచి పంతులును పై తరగతికి ఇస్తాం. చిన్నపిల్లలకు ఎవరైనా చాల్లే అనుకుంటాం. అక్కడ అలా అనుకోలేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. ఐస్‌లాండ్ ధనిక దేశం, అక్కడ ఏదైనా జరుగుతుంది అంటారు. మాట నిజమే. కానీ డబ్బు వచ్చిన ప్రతిచోటా మైదానం వచ్చిందా? ఉత్తర, మధ్య అమెరికా, కరీబియన్ దేశాలకు కలిపి కాంకకాఫ్ అనే సమాఖ్య ఉంది. దాని కింద 41 సంఘాలున్నాయి. ట్రినిడాడ్‌లో ఆ సమాఖ్య కోసమని ఒక శిక్షణ కేంద్రం కట్టారు. ఫిఫా నుంచి సుమారు 2 కోట్ల 60 లక్షల డాలర్లు వచ్చాయి. 2013లో ఆ సమాఖ్యే నియమించిన విచారణ సంఘం నివేదిక ఇచ్చింది. ఆ కేంద్రం ఉన్న నేల సమాఖ్యది కాదని, కేంద్రం కట్టిన నాటి అధ్యక్షుడు జాక్ వార్నర్‌కు చెందిన కంపెనీలదని అందులో తేల్చింది. తాను తప్పు చేయలేదని వార్నర్ అన్నారు. మనం చూడాల్సింది పద్ధతిని. కింద ఉన్న సంఘాలు ఆ నేల కాగితాలు అడిగి చూడాల్సింది. 2011లో ఇంకోటి జరిగింది. అదే ట్రినిడాడ్‌లో, పోర్ట్ ఆఫ్ స్పెయిన్ నగరంలో, కరీబియన్ సంఘాల సమావేశం పెట్టారు. ఫిఫా అధ్యక్ష ఎన్నికలు దగ్గర పడ్డ రోజులు. కవరులో పెట్టి 40 వేల డాలర్ల నోట్లు చేతికిచ్చారని బహామాస్ సంఘం ప్రతినిధి బయటపెట్టారు. అది కానుక అని, మీకు నచ్చినట్టు వాడుకోండని, పిల్లల ఆటకైనా ఖర్చు పెట్టుకోవచ్చని చెప్పారట. ఆ మాట బాగా వినండి. మీకు నచ్చినట్టు వాడుకోండి. రసీదు లేదు, పని పేరు లేదు. బడి పక్కన మైదానానికని రాసి ఇచ్చిన డబ్బుకూ, కవరులో పెట్టి ఇచ్చిన డబ్బుకూ తేడా మొత్తంలో లేదు. ఏ పనికి ఇచ్చారు అన్న ప్రశ్నకు జవాబు ఉందా లేదా అన్నదే తేడా.

రెండో అభ్యంతరం ఓటు గురించి. యుఎఫాలో ఎనిమిది కోట్ల జనాభా దాటిన జర్మనీకి ఒక్కటే ఓటు. సుమారు 34 వేల జనాభా ఉన్న శాన్ మారినోకీ ఒక్కటే ఓటు. ఇది న్యాయమా అని అడుగుతారు. చిన్న సంఘాలు ఎక్కువ కాబట్టి, వాటికి డబ్బు ఎరవేసి ఓట్లు కొనుక్కోవచ్చు కదా అంటారు. పోర్ట్ ఆఫ్ స్పెయిన్ సంగతి విన్నాక ఆ భయాన్ని కొట్టిపారేయలేం. అయినా ఓటు తీసేస్తే ఏమవుతుందో ఆలోచించండి. క్వాలిఫయింగ్ మ్యాచ్‌ల టీవీ డబ్బు అందరికీ కలిపి పంచాలనే నిర్ణయం పెద్ద దేశాల ఓటుతోనే నడిచే సభలో అంత తేలిగ్గా వచ్చేది కాదు. చిన్న సంఘానికి ఓటు ఉంది కాబట్టే దాని మాట వినాల్సి వచ్చింది. కాబట్టి మందు ఓటు తీసేయడం కాదు. ఓటుకూ డబ్బుకూ మధ్య గోడ కట్టాలి. ఎవరికి ఎంత వస్తుందో నాలుగేళ్లకు ముందే రాసిపెట్టి, అందరికీ ఒకే నియమం పెడితే, అధ్యక్షుడి చేతిలో పంచడానికి కానుకలు మిగలవు. డబ్బు ఇస్తే ఏ పనికో పేరు పెట్టి ఇవ్వాలని నేను అనడంలో సగం కారణం ఇదే. పేరు పెట్టిన డబ్బుతో మైదానం వస్తుంది. దాన్ని చూపించి ఓటు కొనడం కష్టం.

ఐస్‌లాండ్ కథను తీపి కథగా వదిలేయకూడదు. 2021 ఆగస్టులో ఆ దేశపు ఫుట్‌బాల్ సంఘం అధ్యక్షుడు రాజీనామా చేశారు. వెంటనే కార్యవర్గం మొత్తం తప్పుకుంది. ఆటగాళ్ల మీద వచ్చిన లైంగిక దాడి ఆరోపణలను సంఘం సరిగ్గా పట్టించుకోలేదని దేశంలో పెద్ద ఆగ్రహం లేచింది. మైదానాలు బాగున్నంత మాత్రాన, కోచ్‌లు ఉన్నంత మాత్రాన సంఘం నిజాయితీగా ఉంటుందని కాదు. సంఘాన్ని నిలదీసింది న్యోన్‌లోని పెద్ద ఆఫీసు కాదు. అక్కడి జనం, అక్కడి పత్రికలు, అక్కడి ఆడవాళ్లు. అదే ఏడాది అక్టోబరులో వాండా సిగుర్‌గెయిర్స్‌డాట్టిర్ అధ్యక్షురాలయ్యారు. యుఎఫా సంఘాల్లో ఒక మహిళ ఆ కుర్చీలో కూర్చోవడం అదే మొదటిసారి. మగవాళ్ల జట్టు తర్వాత వెనకబడింది. కానీ పిల్లల మైదానాలు ఎక్కడికీ పోలేదు. ఆడవాళ్ల జట్టు మగవాళ్ల కంటే ఏడేళ్ల ముందే, 2009లోనే, యూరో కప్ ఆడింది. 2022లో, 2025లో కూడా ఆడింది. బడి పక్కన మైదానం అమ్మాయికీ అబ్బాయికీ ఒకటే కదా. ఒక జట్టు గెలిచినా ఓడినా నేల మీద మిగిలే పని ఇదే.

మూడో అభ్యంతరం అన్నిటికంటే బలమైంది. పై సంస్థ షరతులు పెడితే, లెక్కలు అడిగితే, స్థానిక సంఘం స్వేచ్ఛ ఏమవుతుంది? మన దేశంలోనే దీనికి ఉదాహరణ ఉంది. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఎన్నికలు 2020లో జరగాల్సి ఉండగా ఆగిపోయాయి. 2022 మేలో సుప్రీంకోర్టు పాత కార్యవర్గాన్ని తప్పించి, నిర్వహణకు ఒక సంఘాన్ని వేసింది. ఆగస్టు నడుమ ఫిఫా మన సమాఖ్యను సస్పెండ్ చేసింది. బయటివాళ్ల జోక్యం ఉందన్నది కారణం. అప్పుడు గోకులం కేరళ మహిళల జట్టు ఆసియా క్లబ్ టోర్నమెంటు ఆడటానికి ఉజ్బెకిస్తాన్ వెళ్లి ఉంది. తాష్కెంట్‌లో దిగాక ఆడటానికి వీల్లేదన్నారు. ఆ అమ్మాయిలు చేసిన తప్పేమీ లేదు. ఆగస్టు 26న సస్పెన్షన్ ఎత్తేశారు. అప్పటికి వాళ్ల టోర్నమెంటు చేజారిపోయింది. ఇందులో ఒక పాఠం ఉంది. సంఘాన్ని ఎవరు నడపాలన్నది సభ్యులు తేల్చుకోవాలి. అది స్వేచ్ఛ. ఆ స్వేచ్ఛను కాపాడాలన్న నియమం మంచిదే. కానీ ఎన్నికలు వాయిదా పడుతున్నప్పుడే, ఆఖరి గడియ రాకముందే, మీ తీర్మానం పుస్తకం చూపించండి అని ఆసియా సమాఖ్య గానీ ఫిఫా గానీ గట్టిగా అడిగి ఉంటే ఆ జట్టు ఆడకుండానే వెనక్కి తిరగాల్సిన గతి పట్టేది కాదని నా అభిప్రాయం. ఎవరు నడుపుతున్నారని పై సంస్థ తలదూర్చకూడదు. ఏం చేశారని మాత్రం అడగాలి, ఏటా అడగాలి. గ్రామ సంఘం లీడరును మండల సమాఖ్య నియమించదు. పుస్తకం చూస్తుంది, అంతే.

ఇదంతా డబ్బున్న చోట మాట, మన జిల్లాల్లో ఏముందని అడిగేవాళ్లకు హైదరాబాద్‌నే చూపించొచ్చు. సయ్యద్ అబ్దుల్ రహీమ్ పేరు చాలామంది విన్నారు. 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల బంగారు పతకాలు గెలిచిన భారత జట్టుకు ఆయన కోచ్. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది కూడా ఆయన శిక్షణలోనే. ఆయన ఇంకో పని చేశారు. 1940ల నుంచి 1963లో చనిపోయేదాకా హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శిగా ఉన్నారు. వృత్తికి బడి పంతులు. ఆయన స్థానికంగా పెట్టించిన పోటీలు చూడండి. బంతిని ఒంటరిగా నడుపుకుంటూ పోకూడదు, తగలగానే పక్కవాడికి అందించాలన్న నియమంతో ఒక పోటీ. బలం లేని కాలితోనే కొట్టాలన్న నియమంతో ఇంకో పోటీ. వీటికి ఖర్చేముంది? ఒక నేల, ఒక బంతి, ఒక ఈల, ఒక నియమం. ఆ రోజుల్లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. హైదరాబాద్ జట్టు సంతోష్ ట్రోఫీని రెండేళ్లు వరసగా గెలిచింది. తులసీదాస్ బలరామ్, పీటర్ తంగరాజ్ లాంటివాళ్లు ఈ నేల నుంచే వచ్చారు. స్థానిక సంఘం ఏ పని చేయాలో ఎంచుకుని చేస్తే ఏం జరుగుతుందో దానికి ఇది సాక్ష్యం. అది ఒక మనిషి పట్టుదల మీద నిలిచిన పని. ఆయన పోయాక దాన్ని అదే తీరులో నిలబెట్టే ఏర్పాటు పైనుంచి రాలేదు. పాఠం మెట్లు రాసిపెట్టి, ఏటా కొంత డబ్బు పంపి, లెక్క చూసే పై సంస్థ అప్పుడు ఉండి ఉంటే, ఆ పోటీలు ఒక మనిషితో పోకుండా ఒక పద్ధతిగా మిగిలేవి.

ఇప్పుడు ఆ మెట్లు కొన్ని ఉన్నాయి. మన దేశంలో కోచ్ కావాలంటే కింది మెట్లలో డి లైసెన్స్ ఒకటి. దాన్ని అఖిల భారత సమాఖ్య, రాష్ట్ర సంఘాల సాయంతో నడుపుతుంది. ఆ పైన ఆసియా సమాఖ్య మెట్లు, సి నుంచి ప్రో వరకు. అంటే కౌలాలంపూర్‌లో రాసిన పాఠం మన జిల్లా బడిలో పనిచేసే పీఈటీ మాస్టారి దాకా రావడానికి దారి వేసే ఉంది. ఆ దారిలో ఎవరైనా నడుస్తున్నారా లేదా అన్నది జిల్లా సంఘం మీద ఆధారపడి ఉంటుంది. మీ పిల్లలు ఫుట్‌బాల్ ఆడుతుంటే, మీరు ఒక క్లబ్బులో సభ్యులైతే, ఈ సంగతి మీకు పనికొస్తుంది. జిల్లా సంఘానికి సర్వసభ్య సమావేశం ఉంటుంది. అక్కడికి వెళ్లండి. ఎవరి మీదా నింద వేయనక్కర్లేదు. నాలుగు ప్రశ్నలు మర్యాదగా అడగండి. పోయిన ఏడాది రాష్ట్ర సంఘం నుంచి ఎంత వచ్చింది, ఏ పనికని వచ్చింది? మన జిల్లాలో డి లైసెన్స్ ఉన్న కోచ్‌లు ఎందరు, అందులో పన్నెండేళ్ల లోపు పిల్లలకు నేర్పేవాళ్లు ఎందరు? అమ్మాయిల లీగ్‌లో ఎన్ని మ్యాచ్‌లు జరిగాయి? ఏ బడి మైదానం సాయంత్రం పూట పిల్లల కోసం తెరిచి ఉంటుంది? జవాబులు నోటితో చెబితే సరిపోదు. తీర్మానం పుస్తకంలో రాయమనండి. వచ్చే ఏడాది సమావేశంలో అదే పేజీ తీసి, అవే నాలుగు ప్రశ్నలు మళ్లీ అడగండి.